అటక మీద సర్వర్

2021 జూన్ 1 దాకా ఫోన్లో తీసిన ఫొటోల బరువెంతో మనలో చాలామంది లెక్క చూసుకోలేదు. గూగుల్ ఫొటోస్ 2015లో మొదలైనప్పుడు, నాణ్యత కాస్త తగ్గించుకోవడానికి ఒప్పుకుంటే ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాస్తానంది. ఆరేళ్ళు దాచింది కూడా. ఆ జూన్ నుంచి కొత్తగా ఎక్కించే ప్రతి ఫొటో, జీమెయిల్‌తో కలిపి ఇచ్చే 15 జీబీలోంచి కోత పడడం మొదలైంది. 15 జీబీ అంటే ఎంతో చూడండి. ఈనాటి ఫోన్లో 4కే నాణ్యతతో, సెకనుకు 60 ఫ్రేముల చొప్పున వీడియో తీస్తే నిమిషానికి సుమారు 400 ఎంబీ అవుతుంది. స్కూలు వార్షికోత్సవంలో పిల్లదాని డాన్సూ, నాటకమూ కలిపి అరగంట తీస్తే 12 జీబీ. ఒక్క సాయంత్రంతో ఖాతా నిండినట్టే.

అక్కణ్ణుంచి నెలనెలా చందా కట్టుకుంటూ పోవాలి. కట్టడం తెలివితక్కువ పనేమీ కాదు. మీ దగ్గరున్న ఫొటోలు, వీడియోలు, కాగితాలు అన్నీ కలిపి 200 జీబీ లోపైతే ఈ వ్యాసం పక్కన పెట్టి, ఏడాది చందా కట్టేసి, దానికి తోడు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు కొనుక్కోండి. మీ పని అయిపోయింది. సొంత సర్వర్ పెట్టుకుంటే డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. డిస్కుల ఖరీదు, కరెంటు, మీ ఆదివారాలు అన్నీ లెక్కేస్తే మిగిలేది స్వల్పం. టెరాబైట్లలో సరుకు పోగుపడినవాళ్ళకీ, ఏదో కంపెనీ ఒక రోజు నియమం మార్చిందని తమ పెళ్ళి వీడియో సర్దుకోవాల్సి రావడం ఇష్టం లేనివాళ్ళకీ ఇది పనికొస్తుంది.

చెన్నైలోని షోళింగనల్లూరులో అలాంటివాళ్ళకు కొదవ లేదు. పాత మహాబలిపురం రోడ్డు మీద ఎల్‌కాట్ సెజ్, దాని చుట్టూ ఇన్ఫోసిస్, విప్రోల ఆఫీసులు, వాటి చుట్టూ అపార్టుమెంట్లు. వాటిలో నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, తిరుపతి వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు ఎందరో. పగలంతా ఎక్కడో అమెరికా బ్యాంకు సర్వర్లను కంటికి రెప్పలా కాచే కుర్రవాడు, రాత్రి ఇంటికొచ్చి కూతురి అన్నప్రాశన వీడియోను ఒక పెన్ డ్రైవ్‌లో వేసి బీరువాలో పెడతాడు. ఆఫీసులో మూడు నకళ్ళు లేనిదే నిద్రపోని మనిషి ఇంట్లో ఒక్కదానితో నిశ్చింతగా ఉంటాడు. అతనికి సర్వర్ పెట్టడం చేతకాక కాదు. ఈ ఊళ్ళో ఇంటి సర్వర్‌కు వచ్చే చిక్కులన్నీ కంప్యూటరు బయటివి: ఉక్క, ఉప్పుగాలి, కరెంటు, డిసెంబరు వాన. అందుకే డబ్బా గురించి త్వరగా ముగించి, మిగతావాటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

షాపులో నాస్ అని అడిగితే ఇచ్చేది మరేం కాదు, ఒక చిన్న కంప్యూటరు. దానికి తెరా, కీబోర్డూ ఉండవు. లోపల రెండో నాలుగో హార్డ్ డిస్కులు పట్టే గూళ్ళుంటాయి. ఒక కేబుల్‌తో రౌటర్‌కు తగిలిస్తే ఇంట్లో ఫోన్లకూ, ల్యాప్‌టాపులకూ, టీవీకీ అది ఉమ్మడి అలమారాలా కనిపిస్తుంది. సినాలజీ, క్యూనాప్ అనే రెండు తైవాన్ కంపెనీలు రెడీమేడ్‌గా అమ్మేవి ఇవే. సాయంత్రానికల్లా పని కావాలనుకునేవాళ్ళకు అవే మేలు. స్వయంగా కట్టుకోదలిస్తే రెండు దారులు.

మొదటిది ఇంట్లో మూలనపడ్డ పాత డెస్క్‌టాప్. ఉచితంగా వస్తుంది, డిస్కులకు చోటుంటుంది, నేర్చుకోవడానికి ఇంతకు మించింది లేదు. కానీ ఖాళీగా ఉన్నప్పుడు కూడా 60, 70 వాట్లు తాగుతుంది. 65 వాట్లు అనుకుంటే రోజుకు ఒకటిన్నర యూనిట్లు. తమిళనాడులో కరెంటు బిల్లు రెండు నెలలకోసారి. 2016 నుంచి ఇళ్ళకు ఆ రెండు నెలల్లో మొదటి 100 యూనిట్లు ఉచితం. ఈ పాత డెస్క్‌టాప్ రెండు నెలలకు 94 యూనిట్లు వాడుతుంది. అంటే ప్రభుత్వం మీ ఇంటికిచ్చిన ఉచిత కరెంటంతా దాదాపు ఆ పెట్టెకే పోయింది. అద్దె ఇంట్లో ఉండి, ఓనరు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కింత అని వసూలు చేస్తుంటే ఆ నొప్పి మరింత బాగా తెలుస్తుంది.

రెండో దారి, తక్కువ కరెంటు తాగే చిప్‌తో కొత్తగా కట్టడం. ఇంటెల్ 2023లో తెచ్చిన ఎన్100 రకం చిప్‌ వేసి, రెండు డిస్కులు పెట్టి కట్టిన పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు 20 వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది. రెండు నెలలకు 29 యూనిట్లు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. అరచేతిలో పట్టే మినీ పీసీలు ఈ చిప్‌తో చవగ్గా దొరుకుతాయి గానీ, వాటిలో పెద్ద డిస్కు పెట్టడానికి చోటుండదు. యూఎస్‌బీ డబ్బాలో డిస్కు పెట్టి తగిలించుకోవచ్చు. ఒక్క డిస్కుకు ఫరవాలేదు, రెండు డిస్కుల్లోనూ ఒకటే రాసే జోడీని (దాని సంగతి కింద చెబుతాను) మాత్రం యూఎస్‌బీ తీగ మీద నడపకండి. తీగ కాస్త కదిలినా ఒక డిస్కు మాయమై మళ్ళీ వస్తుంది, ఆ రాత్రంతా జోడీ మళ్ళీ కలుపుకోవడానికి సరిపోతుంది. సాటా పోర్టులున్న ఎన్100 మదర్‌బోర్డు కొని మామూలు క్యాబినెట్‌లో బిగించుకోవడం నయం. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌కు వెళితే బోర్డు, క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ ఒకే వీధిలో కుదురుతాయి. హైదరాబాదు వాళ్ళకు ఆ పని సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అవుతుంది.

పెట్టె కంటే డిస్కులకే ఎక్కువ ఖర్చవుతుంది, అవడమే న్యాయం. పెట్టె పోతే ఇంకోటి కొనుక్కుంటాం.

డిస్కు కొనేటప్పుడు అట్ట మీద రాయని ఒక సంగతి ఉంది. హార్డ్ డిస్కులో సమాచారం తిరిగే పళ్ళెం మీద సన్నటి వలయాలుగా రాస్తారు. పాత పద్ధతిలో వలయాలు పక్కపక్కన విడిగా ఉంటాయి. దీన్ని సీఎంఆర్ అంటారు. అదే పళ్ళెం మీద ఎక్కువ పట్టించడానికి, ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒక వలయం అంచు మీద మరో వలయం ఎక్కేలా రాయడం ఇంకో పద్ధతి, అది ఎస్‌ఎంఆర్. చదివేటప్పుడు తేడా తెలియదు. మధ్యలో ఒక వలయం మార్చాలంటే మాత్రం దానిమీద ఎక్కిన పక్క వలయాలన్నీ తిరగరాయాలి, కనుక భారీగా రాసే పని పడితే డిస్కు నత్తనడక నడుస్తుంది. జోడీలో ఒక డిస్కు చెడి, కొత్తదాన్ని నింపేటప్పుడు సరిగ్గా అలాంటి పనే పడుతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ శ్రేణిలో, అంటే ఇలాంటి పెట్టెల కోసమేనని అమ్మే శ్రేణిలో, 2 నుంచి 6 టీబీ దాకా కొన్ని డిస్కుల్లో ఎస్‌ఎంఆర్ వాడుతోందని, ఆ మాట కొనేవాళ్ళకు చెప్పలేదని బయటపడి గొడవైంది. కోర్టు కేసులయ్యాయి. తర్వాత కంపెనీ సీఎంఆర్ డిస్కులకు రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టింది. ఇప్పుడు అన్ని కంపెనీలూ ఏ మోడల్ ఏ రకమో తమ పట్టికల్లో చూపిస్తున్నాయి. షాపువాణ్ణి అడగడం కంటే మోడల్ నంబరు తీసుకుని ఆ పట్టికలో వెతకడం మంచిది.

కొన్న రోజే డిస్కు మీది సీరియల్ నంబరు కంపెనీ సైటులో కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడండి. డిస్కు తన జీవితచరిత్ర తానే రాసుకుంటుంది. స్మార్ట్ అనే ఆ చిట్టాలో ఎన్ని గంటలు తిరిగిందో ఉంటుంది. కొత్తదని ఇచ్చిన డిస్కు వేల గంటలు చూపిస్తే అది ఎక్కడో డేటా సెంటర్‌లో పనిచేసి రిటైరైన సరుకన్నమాట. రెండు డిస్కులూ ఒకే పెట్టెలోంచి, వరస నంబర్లతో తీసుకోకండి. ఒకే రోజు ఒకే లైనులో తయారైన కవలలు ఒకేసారి జబ్బుపడే అవకాశం ఎక్కువ. ఇంకోటి, 4 టీబీ డిస్కు తగిలిస్తే విండోస్‌లో 3.63 అనే కనబడుతుంది. అమ్మేవాడు వెయ్యితో హెచ్చవేస్తాడు, విండోస్ 1024తో భాగిస్తుంది; మోసమేమీ లేదు.

రెండు డిస్కులు ఎందుకంటే, ఒకటి పోతుంది కాబట్టి. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ తన లెక్కలు ఏటా బయటపెడుతుంది. ఏడాదికి నూటికి ఒకటిన్నర డిస్కులు చెడిపోతున్నట్టు అవి చెబుతాయి. ముందుగా హెచ్చరిక వస్తుందిలే అని కూర్చోవడానికీ లేదు. 2007లో గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరి లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక పత్రం రాశారు. చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా, స్మార్ట్ చిట్టాలోని నాలుగు ముఖ్యమైన ప్రమాద సూచికల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి.

ఒక డిస్కు పోయినా పని ఆగకుండా ఉండే ఏర్పాటుకు రెయిడ్ అని పేరు. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ రాసిన పత్రంలోంచి వచ్చిందది. ఖరీదైన ఒక పెద్ద డిస్కు బదులు చవకవి చాలా కలిపి వాడుకుందాం, ఒకటి పోయినా తట్టుకునేలా అమర్చుదాం అన్నది వాళ్ళ ఆలోచన. అందులో చాలా మెట్లున్నాయి గానీ ఇంటికి ఒక్కటి చాలు: రెండు డిస్కుల్లోనూ ఒకటే రాయడం, రెయిడ్ 1. రెండు 4 టీబీ డిస్కులు కొంటే చేతికొచ్చేది 4 టీబీయే. సగం వృథా అయిందనిపిస్తుంది. ఆ అనిపించడంలోంచే జనం రెయిడ్ 5 వైపు వెళతారు. నాలుగు డిస్కులు, పెద్ద పెట్టె, ఎక్కువ వేడి, చెడినప్పుడు ఎక్కువ తికమక. ఇంటికి అవసరం లేదని నా అభిప్రాయం.

రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానేసేవాళ్ళు ఎంతమందో. కారులో స్టెప్నీ ఉన్నంత మాత్రాన ఇన్సూరెన్స్ కట్టక్కర్లేదని ఎవరూ అనరు; ఇక్కడ మాత్రం చదువుకున్నవాళ్ళే ఆ మాట అంటారు. పిల్లవాడు పొరపాటున ఒక ఫోల్డర్ తుడిచేస్తే జోడీలో రెండు డిస్కుల నుంచీ అదే క్షణంలో తుడిచిపెట్టుకుపోతుంది. వైరస్ వచ్చి ఫైళ్ళకు తాళం వేస్తే రెండిటికీ వేస్తుంది. పిడుగుపాటుకు ఎస్‌ఎంపీఎస్ కాలితే రెండు డిస్కులనూ వెంట తీసుకుపోవచ్చు. రెయిడ్ కాపాడేది ఒక్క డిస్కు చావు నుంచి మాత్రమే.

పొరపాటున తుడిచేసిన దానికి మందు స్నాప్‌షాట్. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ తయారు చేసిన జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లోనూ, లినక్స్‌లోని బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లోనూ ఇది ఉంది. ఇవి పాత సమాచారం మీద కొత్తది రాయవు. పక్కన ఖాళీలో రాసి, ఇకమీదట ఇదీ అని గుర్తు పెట్టుకుంటాయి. కాబట్టి నిన్నటి స్థితిని అలాగే ఉంచమంటే ఉంచుతాయి, అందుకు అదనంగా పట్టే చోటు మారినంత మేరకే. రోజుకొకటి చొప్పున ముప్ఫై రోజుల స్నాప్‌షాట్లు పెట్టుకుంటే మొన్న తుడిచేసిన ఫోల్డరు ఈ రోజు తెచ్చుకోవచ్చు. ఈ రెండూ రాసిన ప్రతి ముక్కకూ ఒక సరిచూపు సంఖ్య కూడా కట్టి ఉంచుతాయి. ఏళ్ళ తరబడి తెరవని ఫొటోలో ఒక బిట్ తిరగబడితే మామూలు డిస్కు ఆ సంగతి చెప్పదు. తెరిచినప్పుడు సగం బూడిదరంగు కనబడితే గానీ మనకు తెలియదు. వీటితో నెలకోసారి స్క్రబ్ అనే పూర్తి తనిఖీ నడిపితే, లెక్క తప్పిన ముక్కను గుర్తించి రెండో డిస్కులోని మంచి నకలుతో బాగుచేస్తాయి.

సాఫ్ట్‌వేర్ కోసం పెద్దగా తలపట్టుకోనవసరం లేదు. ఓపెన్ మీడియా వాల్ట్, ట్రూనాస్ రెండూ ఉచితం. మొదటిది తేలిక, రెండోది జెడ్‌ఎఫ్‌ఎస్ చుట్టూ కట్టింది. పెన్ డ్రైవ్‌తో ఎక్కించి, ఆ తర్వాత పక్క గదిలోని ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లోంచే అన్నీ చేసుకోవచ్చు. లోపల ఫైళ్ళు పంచే పని సాంబా చూసుకుంటుంది. 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామే విండోస్ ల్యాప్‌టాప్‌కు లినక్స్ పెట్టెను మరో డ్రైవ్‌లా చూపిస్తుంది. ఫోన్లోంచి ఫొటోలు వాటంతటవే దిగడానికి ఇమ్మిచ్, సినిమాలు టీవీలో చూడ్డానికి జెల్లీఫిన్. ఇంట్లోవాళ్ళు ఈ పెట్టెను ఒప్పుకునేది ఇమ్మిచ్ చూశాకే. తీసిన ఫొటో ఇంటికి రాగానే దానంతటది సర్వర్‌లో చేరి, ముఖాన్ని బట్టి వెతికితే దొరుకుతుంది. అంతకుముందు దాకా అది గదిలో గుర్రుమంటూ కరెంటు కాల్చే ఒక పెట్టె, అంతే.

పెట్టె పెట్టిన మొదటిరోజే వినబడే ఫిర్యాదు, కాపీ చాలా నెమ్మదిగా అవుతోందని. తప్పు సాధారణంగా డిస్కుది కాదు. రౌటర్ వెనక పోర్టులు చూడండి. ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు అంటగట్టిన చవక రౌటర్లలో కొన్నిటికి పోర్టులు ఇంకా 100 ఎంబీపీఎస్‌వే. దానిమీద సెకనుకు 11 ఎంబీ దాటదు. 500 జీబీ ఎక్కించడానికి పన్నెండు గంటల పైన. గిగాబిట్ పోర్టు మీద సెకనుకు 110 ఎంబీ వస్తుంది, అదే పని గంటంబావు. నాలుగు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి, క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 కేబుల్ ఒకటి కొంటే తీరిపోయే సమస్య ఇది. కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కు నాలుగు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. క్లిప్ సరిగా నొక్కక ఆ అదనపు నాలుగింటిలో ఒక్క తీగ తగలకపోయినా కనెక్షన్ ఉన్నట్టే ఉంటుంది, వేగం మాత్రం పదో వంతుకు పడిపోతుంది.

ఆఫీసులో కూర్చుని ఇంటి పెట్టెను తెరవాలన్న కోరిక రెండో వారంలో పుడుతుంది. రౌటర్‌లో పోర్టు తెరిచి పెట్టెను ఇంటర్నెట్‌కు నేరుగా చూపించడం పాత పద్ధతి. దయచేసి ఆ పని చేయకండి. 2021 జూన్‌లో ప్రపంచమంతటా వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ డిస్కులున్నవాళ్ళు ఒక రోజు లేచి చూసేసరికి సర్వం తుడిచిపెట్టుకుపోయింది. వాటిని ఇంటర్నెట్ నుంచి తీసేయమని కంపెనీ చెప్పాల్సి వచ్చింది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దొంగ ప్రోగ్రాం, ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ పెట్టెల్లోకి చొరబడి, ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బడిగింది. ఇక్కడ మనకొక అనుకోని రక్షణ ఉంది. చాలా ఇళ్ళ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఇవ్వరు, ఒకే చిరునామాను ఎన్నో ఇళ్ళకు కలిపి పంచుతారు, కాబట్టి పోర్టు తెరుద్దామన్నా తెరుచుకోదు. దానికి విసుక్కోకుండా వైర్‌గార్డ్ ఆధారంగా నడిచే టెయిల్‌స్కేల్ లాంటిది ఫోన్లోనూ పెట్టెలోనూ వేసుకోండి. మీ పరికరాలు తప్ప ఇంకెవరికీ ఆ తలుపు ఎక్కడుందో కూడా కనబడదు.

ఇక ఊరి సంగతి.

షోళింగనల్లూరు జంక్షన్ నుంచి సముద్రం మూడు కిలోమీటర్ల లోపే. మధ్యలో బకింగ్‌హాం కాలువ. ఒకప్పుడు మన పెదగంజాం నుంచి నెల్లూరు మీదుగా మద్రాసుకు పడవలొచ్చిన కాలువే ఇది. పడమట పెరుంబాక్కం, దానికి ఉత్తరాన 2022లో రామ్‌సర్ గుర్తింపు పొందిన పళ్ళికరణై చిత్తడినేల. అంటే నీళ్ళు నిలవడానికి ప్రకృతి కేటాయించిన పల్లం పక్కనే మనం అపార్టుమెంట్లు కట్టుకున్నాం. 2015 డిసెంబరులో ఒకసారి, 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచాంగ్ తుపానుకు మరోసారి ఆ నీళ్ళు తమ చోటు అడిగాయి. పెరుంబాక్కం, పళ్ళికరణై, తొరైపాక్కం వైపు రోజుల తరబడి నీళ్ళు తీయలేదు, కరెంటు రాలేదు.

కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నవాళ్ళు సర్వర్‌ను టీవీ స్టాండ్ కింద పెట్టకూడదు. అటక మీద పెడదామంటే అది ఇంట్లోకెల్లా వేడి చోటు. మే నెల అగ్ని నక్షత్రం రోజుల్లో కప్పు కింద గాలి 40 డిగ్రీలకు తగ్గదు. డిస్కులు 60 దాకా తట్టుకుంటాయని కంపెనీలు రాస్తాయి గానీ 45 దాటనివ్వకపోవడం మంచిది. అటకే గతి అయితే తలుపులు తీసేసి, ముందు వైపు గాలి పీల్చే పెద్ద ఫ్యాను ఒకటి నెమ్మదిగా తిరిగేలా పెట్టాలి; చిన్న ఫ్యాను వేగంగా తిరిగితే రొద, దుమ్ము రెండూ ఎక్కువే. వీలైతే హాల్లో తలెత్తు షెల్ఫు అన్నిటికన్నా మంచి చోటు. ఉప్పుగాలి సంగతి నెమ్మదిగా తెలుస్తుంది. సముద్రం వైపు బాల్కనీ ఉన్న గదిలో కనెక్టర్ల మీద ఆకుపచ్చ చిలుము, క్యాబినెట్ మరల మీద తుప్పు కనబడతాయి. అలాంటి గదిలో పెట్టెను కిటికీకి దూరంగా ఉంచి, ఎప్పుడూ నడుస్తూ ఉండనివ్వడమే మేలు. లోపలి గోరువెచ్చదనానికి తేమ పట్టదు.

కరెంటు పోవడం పెద్ద ప్రమాదం కాదు, హఠాత్తుగా పోవడం ప్రమాదం. డిస్కు రాస్తున్న మధ్యలో ఆగితే ఆ ఫైలు సగంలో ఉండిపోతుంది. మన ఇళ్ళలో ఇన్వర్టర్ ఉండనే ఉంటుంది. దాని ముఖం మీదో వెనకో యూపీఎస్ అని రాసి ఒక చిన్న మీట ఉంటుంది, చాలామంది దాన్ని ఎప్పుడూ ముట్టుకోరు. ఆ మీట మామూలు వైపు ఉంటే, లైన్ పోయాక బ్యాటరీకి మారడానికి ఫ్యాను పట్టించుకోనంత, కంప్యూటరు ఓర్చుకోలేనంత సమయం పడుతుంది. కంప్యూటరు ఎస్‌ఎంపీఎస్ దమ్ము బిగబట్టి ఉండగలిగేది సెకనులో యాభయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ. మీట యూపీఎస్ వైపు తిప్పితే ఇన్వర్టర్ సుమారు అందులో సగం సమయంలో మారుతుంది. ఇన్వర్టర్ లేకపోతే 600 వీఏ యూపీఎస్ చాలు. దాని వెనక యూఎస్‌బీ పోర్టున్నది చూసి కొనండి. ఆ తీగ సర్వర్‌కు పెడితే, నట్ అనే ప్రోగ్రాం బ్యాటరీ అడుగంటుతోందని తెలుసుకుని పెట్టెను మర్యాదగా ఆపేస్తుంది. రౌటర్‌ను కూడా అదే యూపీఎస్ మీద పెట్టడం మరిచిపోకండి.

మిచాంగ్ లాంటిది వస్తున్నప్పుడు యూపీఎస్ చేయగలిగింది ఏమీ లేదు. తుపాను హెచ్చరిక రాగానే చివరి బ్యాకప్ తీసి, పెట్టెను ఆపి, ప్లగ్గు పీకేసి, డిస్కులు రెండూ బయటికి లాగి జిప్ సంచీలో వేసుకుని పైఫ్లోర్ వాళ్ళింట్లో పెట్టడమే పని. అందుకే కొనేటప్పుడే స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండా లాగితే వచ్చే ట్రేలున్న క్యాబినెట్ తీసుకోవాలి. ఏది ఒకటో డిస్కు, ఏది రెండోదో పెయింట్ మార్కర్‌తో దాని మీదే రాసి ఉంచండి. కరెంటు లేని ఇంట్లో టార్చి వెలుతురులో సీరియల్ నంబరు చదవడం ఎవరి వల్లా కాదు.

ఇన్ని చేసినా ఒక ఇంట్లో ఉన్నది ఒక నకలు కిందే లెక్క. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది: మూడు నకళ్ళు, రెండు రకాల మాధ్యమాల మీద, వాటిలో ఒకటి ఊరి బయట. ఊరి బయట అనగానే మనవాళ్ళకు తోచేది సొంతూరు. నెల్లూరులో అమ్మా నాన్నా ఉన్నారు, వాళ్ళ టీవీ పక్కన ఒక డిస్కు పెడితే సరిపోయె. ఇక్కడే మిచాంగ్ దారి చూడాలి. 4వ తేదీన చెన్నైని ముంచి, నెల్లూరు తీరం వెంటే పైకి పాకి, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. షోళింగనల్లూరులో అసలు, నెల్లూరులోనో బాపట్లలోనో నకలు పెట్టుకున్నవాడి రెండిటి మీదా ఒకే తుపాను రెండు రోజుల్లో నడిచింది. బంగాళాఖాతంలో పుట్టే తుపానులు కొన్ని ఇలాగే తీరం వెంట పోతాయి. రెండో నకలుకు తీరం వదిలి లోపలికి పోవాలి: కర్నూలు, అనంతపురం, హైదరాబాదు, ఎవరి చుట్టాలు ఎక్కడుంటే అక్కడ.

అక్కడికి మొదటి నకలు ఇంటర్నెట్‌లో పంపాలని చూడకండి. అప్‌లోడ్ వేగం 30 ఎంబీపీఎస్ ఉంటే 500 జీబీకి ముప్ఫై ఏడు గంటలు, మధ్యలో ఎక్కడా తెగకపోతే. ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో ఇంట్లోనే కాపీ చేసి, తాంబరంలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించుకుని తీసుకుపోతే మర్నాడు పొద్దున హైదరాబాదు చేరుతుంది. తర్వాత రోజూ కొత్తగా చేరే ఒకటి రెండు జీబీలను రాత్రిపూట సింక్‌థింగ్ లాంటి ప్రోగ్రాం నిదానంగా పంపుతుంది. అక్కడ ఆ డిస్కును తగిలించడానికి రాస్ప్‌బెర్రీ పై 4 లాంటి చిన్న బోర్డు చాలు. అక్కడ వేగం అక్కర్లేదు. అక్కణ్ణుంచి తుడిచివేతలు ఇటు రాకుండా, ఇక్కడి తుడిచివేతలు అక్కడ వెంటనే అమలు కాకుండా అమర్చుకోవాలి. సింక్‌థింగ్‌లో దీనికి పాత ప్రతులు ఉంచే ఏర్పాటుంది, మొదట ఆన్ చేయాల్సింది అదే.

నకళ్ళు వేరువేరు చేతుల్లో ఉండడం ఎంత పనికొస్తుందో తెలుగు చదువరులకు ఒక అనుభవం ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి చొరవతో మొదలైన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భాగంగా మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. పాత తెలుగు పుస్తకాలు వేలల్లో స్కాన్ అయ్యాయి. కొన్నేళ్ళకు ఆ సైటు పనిచేయడం ఆగిపోయింది. అప్పటికే ఆ పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి కాపీ అయి ఉండబట్టి ఈ రోజుకీ వాటిని దించుకుని చదువుకుంటున్నాం.

చివరగా, ఇంట్లో ఈ పెట్టె గుట్టు తెలిసినవాడు ఒక్కడే అయితే ఆ మనిషి ఊళ్ళో లేని రోజు అది ఉన్నా లేనట్టే. అందుకే దూరంగా ఉంచే నకలును జెడ్‌ఎఫ్‌ఎస్‌లో పెట్టకుండా ఏ ల్యాప్‌టాప్‌కు తగిలించినా తెరుచుకునే ఎక్స్‌ఫ్యాట్‌లో, ఏడాదికొక ఫోల్డరుగా, తాళం లేకుండా ఉంచమంటాను. బ్యాంకు కాగితాలు, ఆధార్ కాపీలు మాత్రం తాళం వేసిన వేరే ఫోల్డరులో. పాస్‌వర్డు కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులతో పాటు పెట్టండి. ఆర్నెల్లకోసారి ఆ దూరపు డిస్కులోంచి ఏదో ఒక పాత వీడియో వెనక్కి తెప్పించుకుని, చివరి నిమిషం దాకా ఆడుతోందో లేదో చూడండి. ఆ తెప్పించే పని మీరు చేయొద్దు. ఇంట్లో రెండోవాళ్ళకు అప్పగించి మీరు పక్కన ఊరుకోండి. వాళ్ళెక్కడ ఆగిపోయారో ఆ మెట్టు అదే కాగితం మీద కింద రాయండి.